తలుపుకు రెండు బండలు

మంత్రివర్గం ప్రమాణస్వీకారం చేసే రోజున మా ఊరు రాతికొట్టాలలో అందరూ టీవీలో మనుషుల్ని చూస్తే, కంబన్న మాత్రం పేర్ల పొడుగు చూసేవాడు. ఏ జిల్లాకు పీట పడింది, ఏ కులానికి మొండిచెయ్యి చూపించారు అని టీకొట్టు దగ్గర జనం గొంతులు చించుకుంటుంటే, ఈయన ఒక మూల కూర్చుని వేళ్ల మీద అక్షరాలు లెక్కపెట్టుకునేవాడు. ఇంటిపేరుతో కలిపి పదహారు అక్షరాలు దాటితే ఆ మంత్రి బండ మీద ఒక వరుసలో పట్టడు. పట్టకపోతే అక్షరం చిన్నది చెయ్యాలి. అక్షరం చిన్నదైతే మంత్రిగారి మనుషులకు కోపం వస్తుంది. ఇదీ కంబన్నకు తెలిసిన రాజకీయం. నవ్వుకుంటే నవ్వుకోండి. ఇంతకంటే ఎక్కువ తెలిసినవాళ్లు ఏం వెలగబెట్టారో అంతా విన్నాక మీరే చెబుదురు గానీ.

రాతికొట్టాల బేతంచెర్ల పక్కన ఉంటుంది. కంబన్న పుట్టింది ఇక్కడ కాదు, ఆదోని వైపు. వానలు ముఖం చాటేసిన ఒక ఏడు నాయన వెంట బండల గనిలో కూలికొచ్చి ఇక్కడే నిలిచిపోయాడు. గనిలో బసవన్న అనే ముసలాయన సమాధుల మీద పేర్లు చెక్కేవాడు. ఆయన దగ్గర ఉలి పట్టడం నేర్చుకున్నాడు. చదివింది ఐదో తరగతే అయినా రాత చూస్తే బడి అయివార్లు కూడా ఆగి చూసేవాళ్లు. ముప్పై ఏళ్లుగా చుట్టుపక్కల ఏ బడికి, ఏ నీళ్ల ట్యాంకుకు, ఏ రోడ్డుకు శిలాఫలకం పెట్టినా ఆ నల్లబండ మీద అక్షరాలు ఆయనవే. రోడ్లు కొట్టుకుపోయాయి, ట్యాంకులు బీటలిచ్చాయి, బండలు మాత్రం పెట్టిన చోటే ఉన్నాయి. ఆ మాట ఎవరైనా ఎగతాళిగా అంటే కంబన్న సిగ్గుపడేవాడు. లోపల కొంచెం గర్వపడేవాడు కూడా.

ఈమధ్య బేతంచెర్లలో రాత మిషన్లు వచ్చాయి. కంప్యూటర్‌లో పేర్లు కొడితే గంటలో బండ తయారు. ఇక కంబన్న పని అయిపోయినట్టేనని అందరూ అనుకున్నారు. అయితే ఆ మిషన్‌కు ఒక జబ్బుంది, పేర్ల జాబితా పూర్తిగా చేతిలో పెడితే గానీ అది కదలదు. మూడు పార్టీలు కలిసి ప్రభుత్వం పెట్టాక ఆ జాబితా పూర్తవడమనేది దేవుడికే ఎరుక. పొద్దున పైనున్న పేరు మధ్యాహ్నానికి కిందికి దిగుతుంది, సాయంత్రానికి మాయమవుతుంది. అందుకని అధికారులు మళ్లీ కంబన్న దగ్గరికే వచ్చారు. ఆయన పద్ధతి ఆయనకుంది. పని పేరు, శాఖ పేరు లోతుగా చెక్కుతాడు. మనుషుల పేర్లు గోరు మందాన పైపైన చెక్కుతాడు. మనిషి మారితే అరగదీసి, మళ్లీ నునుపు చేసి, ఇంకో పేరు రాయొచ్చు. ఈ సంగతి పదవుల్లో ఉన్నవాళ్లకు తెలిస్తే ఏమనేవాళ్లో గానీ, ఎవరూ ఎప్పుడూ బండను తడిమి చూడలేదు.

చెక్కిన అక్షరాల్లో బంగారు రంగు నింపేది ఆయన భార్య మహాదేవమ్మ. ఆమెకు చదువు రాదు. ఏ మంత్రి పేరు ఎవరిదో ఆమెకు అక్కర్లేదు. సన్న కుంచె పట్టుకుని, ఒక్కో అక్షరం అంచు దాటకుండా, పసిబిడ్డకు కాటుక పెట్టినంత నిదానంగా నింపేది. నల్లబండ మీద రాత రంగు లేకపోతే కనపడదు. ఎంత చక్కగా చెక్కినా రెండడుగులు వెనక్కి జరిగితే ఉత్త నల్లదనమే. కంబన్న ఈ మాట పదిమందిలోనూ చెప్పేవాడు, తనది సగమేనని, తక్కిన సగం ఆమెదని. అట్లా చెప్పుకునే మగవాళ్లు మా పక్క శానా తక్కువ.

ఆమె ఈ పనికి రాకముందు పదిహేడేళ్లు బండలు కోసే షెడ్డులో పనిచేసింది. రంపం తిరుగుతుంటే తెల్లటి పొడి లేచి, జుట్టులో, కంటిరెప్పల మీద, సద్దిమూటలో, ఎక్కడపడితే అక్కడ పడేది. ముక్కుకు కొంగు చుట్టుకుని పనిచేసేవాళ్లు. కొంగు ఆపగలిగింది ఎంత, లోపలికి పోయింది ఎంత! నలభై ఆరో ఏట దగ్గు పట్టుకుంది. నీళ్ల బిందె ఎత్తితే ఆయాసం, మెట్టెక్కితే ఆయాసం. కర్నూలు పెద్దాసుపత్రిలో డాక్టరు ఫొటో తీయించి, రాతిపొడి ఊపిరితిత్తుల్లో పేరుకుపోయిందనీ, అది కడిగితే పోయేది కాదనీ చెప్పాడు. గాలి అందనప్పుడు ఆక్సిజన్ పెట్టించాలన్నాడు. దుమ్ముకు దూరంగా ఉండమన్నాడు. రాతికొట్టాలలో ఉంటూ దుమ్ముకు దూరంగా ఎట్లా ఉండాలో మాత్రం చెప్పలేదు, పాపం ఆయనకూ తెలియదు.

అట్లాంటివాళ్లు ఊళ్లో అరవై మందికి పైనే ఉన్నారు. గోడ అవతలి గురమ్మది కూడా అదే జబ్బు. ఆయాసం ముదిరితే కర్నూలే దిక్కు. బస్సులో రెండు గంటలు. అందరూ కలిసి అర్జీలు పెట్టి, కలెక్టరాఫీసు ముందు ఎండలో కూర్చుని, చివరికి ఒక వార్డు సాధించుకున్నారు. ఊళ్లో పాడుబడ్డ పాత కాన్పుల వార్డును బాగుచేసి సున్నం కొట్టారు. పది మంచాలు వచ్చాయి. కరెంటు మీద నడిచి ఆక్సిజన్ ఇచ్చే గాలి మిషన్లు పది, అట్టపెట్టెల్లో వచ్చి దిగాయి. నర్సమ్మను కూడా వేశారు. మంత్రి వచ్చి రిబ్బను కత్తిరిస్తే చాలు, మరునాటి నుంచి వైద్యం.

కంబన్న ఇంటి నుంచి ఆ వార్డుకు నడిస్తే పది నిమిషాలు. మహాదేవమ్మ అక్కడక్కడా ఆగి, కూర్చుని, లేచి, అరగంటలో పోయి వచ్చింది. కిటికీలోంచి తొంగిచూసి పెట్టెలు లెక్కపెట్టుకుంది. కిటికీ పక్క మంచం తనదని గురమ్మతో ముందే చెప్పిపెట్టింది. ఆ రోజు ఇంటికొచ్చి రెండు రొట్టెలు తిన్నది. అప్పటికి నెలరోజులుగా ఒకటి తినడమే గగనంగా ఉండేది.

ఇక్కడ కాస్త మంత్రివర్గం సంగతి చెప్పుకోవాలి. చెప్పుకోకపోతే మిగతాది అర్థం కాదు.

ఎన్నికల ముందు మూడు పార్టీలు పొత్తు కుదుర్చుకున్నాయి. మా నియోజకవర్గంలో చిన్న పార్టీ తరఫున ఉమామహేశ్ అనే ఆయన అయిదేళ్లు జెండా మోశాడు. టికెట్ మాత్రం పొత్తులో పెద్ద పార్టీకి పోయి, హర్షవర్ధన్ రెడ్డికి దక్కింది. గనులున్న కుటుంబం, తాతల నాటి నుంచి రాజకీయం. ఉమామహేశ్‌ను పిలిచి, ఇప్పటికి త్యాగం చెయ్యి, తరువాత చూస్తాం అన్నారు. చేశాడు. హర్షవర్ధన్ రెడ్డి గెలిచాడు. జిల్లాకు ఒక మంత్రి తప్పదు, అది తనేనని ఆయనకు నమ్మకం. మనుషులు ముందే ఫ్లెక్సీలు కొట్టించుకున్నారు. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం!

జాబితా బయటికొస్తే అందులో ఆయన పేరు లేదు. చిన్న పార్టీ నాలుగు మంత్రి పదవులు అడిగి, మూడింటికి దిగి, ఆ మూడింటిలో ఒకటి వైద్యారోగ్యశాఖ కావాలని పట్టుబట్టింది. వాళ్లకు పోను మిగిలినవాటిలో సామాజిక న్యాయం, ప్రాంతీయ న్యాయం, ఇంకా ఏవేవో న్యాయాలు చూసేసరికి మా జిల్లా వాటా వేరొకరికి పోయింది. హర్షవర్ధన్ రెడ్డి అలిగి ప్రమాణస్వీకారానికే పోలేదు. వైద్యమంత్రి చిన్న పార్టీ మనిషి కావడంతో, నిన్నటిదాకా తలుపు చాటున నిలబడ్డ ఉమామహేశ్‌కు ఒక్కసారిగా ఊపిరొచ్చింది. ఒకాయనకు ఇవ్వలేదన్న మంట, ఇంకొకాయనకు ఇప్పుడైనా చూపించుకోవాలన్న ఆరాటం. ఆ ఇద్దరి మధ్యా మా వార్డు తలుపు.

శిలాఫలకం చూసే ఇంజనీరు పరమేష్ జాబితా పట్టుకుని కంబన్న ఇంటికొచ్చాడు. వైద్యమంత్రి పేరు మొదట, ఎమ్మెల్యే పేరు తర్వాత. కంబన్న చెక్కాడు, మహాదేవమ్మ రంగు నింపింది. మూడో రోజు ఎమ్మెల్యే మనుషులొచ్చి, ఇది మా అన్న నియోజకవర్గం, మా అన్న పేరు పైన ఉంటేనే మంత్రి ఈ ఊళ్లో అడుగు పెట్టేది అన్నారు. అరగదీశాడు. మళ్లీ చెక్కాడు. అది విని ఉమామహేశ్ మనుషులొచ్చారు. మంత్రి పైన ఉండాల్సిందే, ఎమ్మెల్యే కిందికి పోవాల్సిందే, మధ్యలో మా అన్న పేరు కూడా పడాల్సిందే. ఉమామహేశ్‌కు ప్రభుత్వంలో ఏ పదవీ లేదు, నిబంధన ఒప్పుకోదని పరమేష్ నసిగాడు. త్యాగం చేసినవాడికి నిబంధనలేంది అని వాళ్లు కసిరారు. ప్రారంభోత్సవం ఒకసారి వాయిదా పడింది. రెండోసారి పడింది. మూడోసారి పందిరి వేసి కూడా పీకేశారు.

ఆ మూడు వాయిదాల మధ్యలో మహాదేవమ్మను రెండుసార్లు కర్నూలు తీసుకుపోయారు. రెండోసారి వచ్చాక ఆమె పడుకోవడం మానేసింది. పడుకుంటే గాలి అందదు. గోడకు దిండు పెట్టుకుని కూర్చునే నిద్రపోయేది. కంబన్న అరగదీసిన ప్రతి పేరూ ఆమె ప్రాణంలోంచి అరిగిపోతున్నట్టే ఉండేది ఆయనకు. ఆంబోతుల పోట్లాటలో లేగదూడల కాళ్లు విరుగుతాయంటారు. మా ఊళ్లో విరిగింది కాళ్లు కాదు.

అప్పుడు కంబన్నకు ఆ ఆలోచన వచ్చింది. ఎప్పుడూ ఎవరికీ సలహా చెప్పని మనిషి, ఆ ఒక్కసారి చెప్పాడు. పరమేష్ నాలుగోసారి జాబితా తెచ్చి, తల పట్టుకుని అరుగు మీద కూలబడితే, తలుపుకు రెండు పక్కలున్నాయి గదా సార్, రెండు బండలు చేస్తా అన్నాడు. ఎడమ పక్క బండలో ఎమ్మెల్యే పైన. కుడి పక్క బండలో మంత్రి పైన, నడుమ ఉమామహేశ్. ఎవరి బండ వాళ్లకు ముందుగా చూపించి, రెంటికీ తెరలు కట్టేద్దాం. తెర తీసే పొద్దుకు మంత్రి అక్కడే ఉంటాడు, అంత పెద్దమనిషి ముందర ఎవరు గొడవకు దిగుతారు? పరమేష్ మొహం వెలిగిపోయింది. మునిగేవాడికి గడ్డిపోచ దొరికినట్టయింది.

ముప్పై ఏళ్లు పెద్దమనుషుల పేర్లు చెక్కాడే గానీ, పెద్దమనుషుల గుణం కంబన్న ఏనాడూ చెక్కి చూడలేదు. పేర్లు వరుసగా, తిన్నగా ఉంటాయి గనక మనుషులూ అట్లాగే ఉంటారనుకున్నాడు. అదే ఆయన చేసిన తప్పు.

కంబన్న ఈ సంగతి మహాదేవమ్మకు చెప్పాడు. ఆయాసం తగ్గనిచ్చి, అప్పుడన్నది:

"ఒక తలుపుకు రెండు గొళ్లాలు పెడితే ఎవురు తీయాలయ్యా? ఒకరు తీస్తే ఇంకొకరు ఏస్తారు."

"నువ్వు గమ్మునుండు. బిరీన తలుపు తెరుచుకోవాల, నాకు అదే గావాల," అన్నాడు కంబన్న.

ఆమె కుంచె అందుకుంది. రెండు బండలకూ తనే రంగు నింపింది. గోడకు ఆనుకుని, ఒళ్లో చెక్క పెట్టుకుని, నాలుగు అక్షరాలు నింపి ఆగేది, మళ్లీ నాలుగు నింపేది. రంగు అక్కడక్కడా అంచు దాటింది. ఆమె చేతిలో అంచు దాటడం కంబన్న ఇన్నేళ్లలో చూడలేదు. బ్లేడుతో గీకి సరిచేద్దామనుకున్నాడు, ఆమె చూస్తుండగా చెయ్యలేకపోయాడు. తర్వాత చేద్దాంలే అనుకున్నాడు. ఆ 'తర్వాత' రానే లేదు.

నాలుగోసారి పెట్టిన ముహూర్తం మంగళవారం పదిన్నరకు. మహాదేవమ్మ తొమ్మిదింటికే ఉతికిన చీర కట్టుకుని, ఆటోలో పోయి, గురమ్మతో పాటు పందిట్లో ముందు వరుసలో కూర్చుంది. తలుపుకు అటొకటి ఇటొకటి పచ్చ గుడ్డలు కప్పి రెండు బండలు. రెంటికీ తాళ్లు. మంత్రిగారి కార్లు కర్నూలు దాటాయని మైకులో చెప్పారు. మంత్రి వచ్చేదాకా ఆగి ఉంటే ఏమయ్యేదో చెప్పలేం. ఎవరూ ఆగలేదు. రెండు గుడ్డలెందుకున్నాయని ఎమ్మెల్యే మనిషి ఒకడికి అనుమానమొచ్చింది. కుడి పక్క గుడ్డ ఎత్తి చదివాడు. ఆ మరుక్షణం ఉమామహేశ్ మనిషి ఎడమ పక్కది ఎత్తాడు.

పందిరికి గుంతలు తవ్విన గడ్డపార అక్కడే ఉంది. కుడి పక్క బండ మీద మొదటి దెబ్బ పడింది. నల్లబండ పెళుసు కదా, ఒక్క దెబ్బకే నాలుగు ముక్కలయింది. తర్వాత కుర్చీలు లేచాయి, రాళ్లు లేచాయి. ఒకరి తల పగిలింది. మంత్రిగారి కార్లు బేతంచెర్ల రోడ్డు దగ్గరే వెనక్కి తిరిగాయి. పోలీసులు జనాన్ని తరిమి, రెండు పక్కలా కేసులు రాసుకుని, సాక్ష్యాలు పోకూడదని వార్డు తలుపుకు తాళం వేసి, గుడ్డ చుట్టి, లక్కముద్ర కొట్టారు. మంచాలు లోపల. మిషన్లు లోపల. ఆ దుమ్ములో కుర్చీ కింద పడ్డ మహాదేవమ్మను గురమ్మా కంబన్నా చెరొక రెక్కా పట్టుకుని లేపారు. ఆమె చీర మీది దుమ్ము దులుపుకుంది. కిటికీ వైపు చూసి, ఇంటికి పోదామన్నట్టు తల ఊపింది.

తరువాత కంబన్న ఎక్కని గుమ్మం లేదు. పోలీసులు విచారణ పూర్తికావాలన్నారు. ఆఫీసులో పైనుంచి ఉత్తర్వు రావాలన్నారు. పరమేష్ ఫోనెత్తడం మానేశాడు. ఆయనకు పైవాళ్లు నోటీసిస్తే, బండలు చెక్కే మనిషి తనకు తానుగా రెండు చేశాడని జవాబు రాసిచ్చాడట. ఆఫీసు బంట్రోతు ఒకడు చాటుగా చెప్పాడు. కంబన్నకు కోపం కూడా రాలేదు. అందులో అబద్ధం సగమే కదా అనుకున్నాడు.

ఎమ్మెల్యే ఇంటికి పోయి పొద్దుటి నుంచి కూర్చుంటే మధ్యాహ్నం దాటాక పిలిచారు. హర్షవర్ధన్ రెడ్డి మర్యాదగానే మాట్లాడాడు. మజ్జిగ ఇప్పించాడు. సోఫాలో వెనక్కి ఆనుకుని అన్నాడు:

"నాదేముండాదప్పా? అంతా బాగనే పోతాండె. నువ్వు రెండో బండ చెక్కబట్టే గదా ఇంత కత జరిగె?"

ఉమామహేశ్ దగ్గరికి పోతే ఆయనా ఇంచుమించు ఇదే మాట అన్నాడు, మజ్జిగ మాత్రం ఇయ్యలేదు. చూడండి, అన్ని విషయాల్లో ఉప్పూ నిప్పులా ఉన్న ఇద్దరికి ఈ ఒక్క విషయంలో ఎంత చక్కగా పొత్తు కుదిరిందో!

ఎండలు ముదిరాయి. ఒక మిట్టమధ్యాహ్నం మహాదేవమ్మకు ఆయాసం ఎప్పటిలా మొదలై ఎప్పటిలా ఆగలేదు. పెదాలు నీలంగా మారాయి. నూట ఎనిమిదికి ఫోన్ చేస్తే బండి ఎక్కడో ఉంది, గంట పడుతుందన్నారు. గురమ్మను పక్కన కూర్చోబెట్టి కంబన్న వార్డు దగ్గరికి పరిగెత్తాడు. ఎండకు గోడ నీడలో ఒక కానిస్టేబుల్ కూర్చుని ఉన్నాడు. మా మనిషికి గాలి ఆడడం లేదు, ఒక్క పెట్టె తీసియ్యండి, నర్సమ్మ ఊళ్లోనే ఉంది, మళ్లీ తెచ్చి అక్కడే పెడతానని కాళ్ల మీద పడ్డాడు.

"లెయ్యప్పా, అట్ల పడొద్దు," అన్నాడు కానిస్టేబుల్. ఆయన కళ్లలోనూ జాలి ఉంది. "నేను ముద్ర తీస్తే రేపట్నుంచి నా పిల్లోళ్లకు కూడు ఎవురు పెడతారు? యస్సైని అడిగిరాపో."

యస్సై కర్నూలు మీటింగులో ఉన్నాడు. కంబన్న తలుపు ముందు నిలబడ్డాడు. నడుముకు చుట్టుకున్న సంచిలో సుత్తి ఉంది, ఉలి ఉంది. ఎప్పుడూ ఉంటాయి. తాళం చిన్నది. నలభై ఏళ్లు రాయిని చీల్చిన చెయ్యికి ఆ తాళం ఒక్క దెబ్బ. కానిస్టేబుల్ అటు తిరిగి కూర్చున్నాడు, కావాలనే తిరిగాడేమో కూడా. కంబన్న సంచిలో చెయ్యి పెట్టాడు. లక్కముద్ర చూశాడు. ప్రభుత్వం వేసిన ముద్ర. చిన్నప్పటి నుంచి ప్రభుత్వం పేరు ఎక్కడ కనపడినా తల వంచిన మనిషి, ఆ పేరును లోతుగా చెక్కి బతికిన మనిషి. చెయ్యి పైకి రాలేదు. వెనక్కి తిరిగి ఇంటికి పరిగెత్తాడు. ఆ ఒక్క దెబ్బ ఎందుకు కొట్టలేదని ఆయన ఇప్పటికీ తనను తాను అడుగుతూనే ఉంటాడు. ఆయన్ను తిట్టాలని నాకూ నోటిదాకా వస్తుంది. ఆ తలుపు ముందు నేనుంటే కొట్టేవాణ్ణా అంటే, నాకూ తెలియదు.

బండల లోడుతో కర్నూలు పోతున్న లారీని ఆపి, ముందు సీట్లో ఎక్కించుకున్నారు. ఆమె కంబన్న భుజం మీద తల పెట్టి, కిటికీలోంచి వచ్చే వేడిగాలికి నోరు తెరుచుకుని కూర్చుంది. ఇంత గాలి వీస్తూ ఉంటే ఒక మనిషికి గాలి చాలకపోవడమేమిటో ఆయనకు అర్థం కాలేదు. కర్నూలు ఇంకా పది మైళ్లుందనగా భుజం మీద బరువు పెరిగింది. కంబన్న డ్రైవరుకు చెప్పలేదు. చెబితే లారీ ఆపేస్తాడని భయం. ఆసుపత్రి గేటు దాకా అట్లాగే కూర్చున్నాడు.

కంబన్నవాళ్లు లింగాయతులు, వాళ్లలో కాల్చరు, కూర్చోబెట్టి సమాధి చేస్తారు. ఆత్మకూరులో కాపురమున్న కూతురు శివకుమారి వచ్చి, తల్లి పడుకోలేక కూర్చునే గడిపిన సంగతి గురమ్మ నోట విని, మట్టిలో కూడా అట్లాగే కూర్చోబెడుతున్నారని ఏడ్చింది. సమాధికి బండ కావలసి వచ్చింది. ఊరంతా బండలే, ఎవరిని అడిగినా ఇస్తారు. కంబన్న ఎవరినీ అడగలేదు. గొడవ జరిగిన రోజున ఏరి తెచ్చుకున్న కుడి పక్క బండ ముక్కల్లో పెద్దది పెరట్లో ఉంది. దాన్ని తిరగేసి, వెనక పక్క భార్య పేరు చెక్కాడు. వేలు దూరేంత లోతుగా చెక్కాడు.

శివకుమారి ముందువైపు అక్షరాలు చూసింది. సగం తెగిన మంత్రి పేరు, దాని కింద ఉమామహేశ్ పేరు, బంగారు రంగులో.

"మాయమ్మ పానం తీసినోళ్ల పేర్లు మాయమ్మ నెత్తిన పెడతావా నాయనా?"

"పేర్లు వాళ్లవి. ఆ రంగు మీయమ్మది," అన్నాడు కంబన్న. "అది లోపలికి, ఆమె పక్కకు తిప్పి పెడతా. ఆమె చేసిన పని ఆమె కాడనే ఉండనీ."

అంచు దాటిన రంగు అట్లాగే ఉంది. శివకుమారి దాని మీద వేలు పెట్టి చూసింది.

నాలుగు నెలలు గడిచాయి. రాజధానిలో ఏవో మాటలు జరిగాయి. మంత్రివర్గం మారింది. ఇద్దరు పోయారు, ఇద్దరు వచ్చారు. వచ్చినవాళ్లలో హర్షవర్ధన్ రెడ్డి ఒకడు. మనసు నొచ్చుకోకుండా ఉమామహేశ్‌కు ఒక కార్పొరేషన్ చైర్మన్ పదవి ఇచ్చారు. వైద్యశాఖ మాత్రం పాత మంత్రి దగ్గరే ఉండిపోయింది. ఇద్దరు నాయకులూ ఒకే కారులో ఊళ్లోకి వచ్చి, ఒకరికొకరు లడ్డూ తినిపించుకున్నారు. కేసులు రాజీ అయ్యాయి. లక్కముద్ర పగలగొట్టడానికి ఒక్క నిమిషం కూడా పట్టలేదు, కానిస్టేబుల్ లాఠీ చివరతో కొట్టాడంతే.

పరమేష్ జాబితా పట్టుకుని మళ్లీ వచ్చాడు. కంబన్న కళ్లలోకి చూడలేక నేల చూస్తూ నిలబడ్డాడు. ఈసారి ఒకే బండ. హర్షవర్ధన్ రెడ్డి, వైద్యమంత్రి, ఉమామహేశ్, అందరూ ఒప్పుకున్న వరుస. ఎల్లుండే ప్రారంభం, అంతలోపల వరుస మళ్లీ మారదని నమ్మకం లేక మిషన్ రాతకు పోలేదు. కంబన్న ఆ కాగితాన్ని చింపి పారెయ్యాలనే అనుకున్నాడు. అప్పుడే గోడ అవతల గురమ్మ దగ్గు మొదలైంది. చాలాసేపు ఆగలేదు. అది ఆగేదాకా కంబన్న కదలకుండా విన్నాడు. తర్వాత చెయ్యి చాచి కాగితం తీసుకున్నాడు.

ప్రారంభం రోజు పొద్దున బండ గోడకు బిగించాక పరమేష్ గుడ్డ ఎత్తి చూసి బిత్తరపోయాడు. అక్షరాలున్నాయి, వరుస తప్పలేదు, పొల్లు తప్పలేదు. దగ్గరికి పోయి వేలితో తడిమితే గానీ ఏదీ కనపడటం లేదు.

"రంగేది కంబన్నా?"

"రంగేసే మనిషి లేదు సార్."

 కార్ల హారన్లు అప్పుడే వినపడుతున్నాయి. పరమేష్ బండ మీద గుడ్డ మళ్లీ దించాడు.

కార్యక్రమం మొత్తం పన్నెండు నిమిషాల్లో ముగిసింది. హర్షవర్ధన్ రెడ్డి తాడు లాగాడు, వైద్యమంత్రి పక్కన నిలబడ్డాడు, ఉమామహేశ్ నవ్వాడు, ఫొటోలు తీశారు. ఫొటోల్లో వాళ్ల వెనక ఒక ఉత్త నల్లబండ పడింది. మరునాడు పేపర్లో చూసుకుని వాళ్లేమనుకున్నారో తెలియదు, అప్పటికి వేరే ఊళ్లో వేరే పనికి పోయి ఉంటారు. జనం పలచబడ్డాక గురమ్మను లోపలికి తీసుకుపోయారు. ఏ మంచం కావాలని నర్సమ్మ అడిగితే, కిటికీ పక్కది వద్దు, అది మహాదేవక్క చెప్పిపెట్టుకున్నది అంటూ గురమ్మ దాని పక్క మంచం మీద కూర్చుంది. పెట్టె విప్పి మిషన్ పెట్టారు. కంబన్న వాకిట్లోనే నిలబడి ఆ మిషన్ చప్పుడు కాసేపు విన్నాడు. తర్వాత సంచి నడుముకు చుట్టుకుని ఇంటికి నడిచాడు.